వెంకటప్పయ్య గారి తిరుగుడు బోర్డు

తడి చేత్తో మేడమెట్ల ఇనుప కమ్మీ పట్టుకున్న అంజమ్మను కరెంటు కొట్టి ఐదు మెట్ల కింద పడేసింది. ఇంకో నాలుగు గంటల్లో అదే కమ్మీ పట్టుకుని గుంటూరు నుంచి వచ్చే పార్టీ పెద్దాయన మేడ ఎక్కాల్సి ఉంది.

అంజమ్మ బతికింది. మనిషితో పాటు నోరు కూడా బతికింది. "కమ్మీలో కరెంటు పెట్టార్రో! చంపార్రో!" అని ఆమె పెట్టిన అరుపుకి నరసరావుపేట బట్టల బజారంతా పళ్లు తోముకుంటూ బయటికొచ్చింది. ఎవడో పరిగెత్తి మేడ కింద బోర్డు మెయిన్ కట్టేశాడు. అప్పుడు అందరూ తలలెత్తి పైకి చూశారు.

మేడ మీద నాలుగు ఇనుప కాళ్ల ఫ్రేము. దాని మీద ఐదడుగుల వెడల్పు రేకు డ్రమ్ము. డ్రమ్ము చుట్టూ గాజు గొట్టాలతో వంచిన అక్షరాలు: వెంకటప్పయ్య వస్త్రభవనం. రాత్రంతా కరెంటు పెట్టుకుని కూర్చున్న ఆ బోర్డు వెలగనూ లేదు, తిరగనూ లేదు. పనిమనిషిని కొట్టడం ఒక్కటే చేసింది. యజమాని పేరు పెట్టుకున్నందుకు ఆ మాత్రం గుణం వచ్చి ఉంటుంది.

యజమాని పావుగంటలో దిగాడు. వెంకటప్పయ్యకి ఈపూరు దగ్గర ఇరవై ఎకరాల పత్తి చేలూ, రెండు బోర్లూ ఉన్నాయి. ఒంటి మీద మట్టి కడుక్కుని నాలుగేళ్ల కిందట పేటకొచ్చి షోరూమ్ తెరిచాడు. ఎనభై ఏడులో మండలాలకు ఎన్నికలని వినగానే ఆయనకి ఇంకో దురద పుట్టింది. సొంత మండలానికి ప్రెసిడెంటు కావాలి. దానికి మొదటి మెట్టు పెద్దాయన చేతుల మీదుగా ఈ బోర్డు ప్రారంభం.

"నన్ను చంపాలని చూశార్రా!" అని బజారు మధ్యలో రొమ్ము చరుచుకున్నాడు. "పెద్దాయన ఎనకాలే కమ్మీ పట్టుకుని ఎక్కేది నేనే గదా!"

గోడకి ఆనుకుని మోచెయ్యి పట్టుకుని కూర్చున్న అంజమ్మ అంది: "తగిలింది నాకు పెద్దయ్యా, నీకు గాదు."

"నువ్వూరుకోవే అంజీ. నీకు తగిలితే ఏంది? గురి నా మీద!"

చంపదలుచుకున్నవాడు ఎవడో కూడా ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. ఎదురుగా ఉన్న బట్టల కొట్టు పిచ్చయ్య చేయించాడు. బోర్డు కట్టిన ఖలందర్ చేశాడు. పిచ్చయ్య కొట్టుకి ఇంకా రంగు వెలిసిన చెక్క బోర్డే ఉంది కాబట్టి కుళ్లు. ఖలందర్ సంగతికి కారణం కూడా అక్కర్లేదు. బోర్డు వాడిది, కరెంటు వాడిది.

ఆశ్చర్యమేమిటంటే, నిన్న సాయంత్రం దాకా ఆ బోర్డు ఖలందర్‌ది కాదు. "డిజైను మొత్తం నాదే. సాయిబు వట్టి చేతిపనోడు" అని వెంకటప్పయ్య మూడు నెలలుగా కాఫీ హోటల్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. 

ఆ డిజైను సంగతి కూడా చెప్పుకోవాలి.

ఖలందర్ బొంబాయిలో ఎనిమిదేళ్లు ఉండి ఈ పని నేర్చాడు. పల్నాడు మొత్తానికి గాజు వంచేవాడు అతనొక్కడే. గొట్టాన్ని గ్యాసు మంట మీద మెత్తబరిచి, ఒక చివర రబ్బరు గొట్టం నోట పట్టి ఊదుతూ, మలుపులో గాజు నొక్కుకుపోకుండా అక్షరం తిప్పుతాడు. వంచేది వెనకవైపు నుంచి కాబట్టి అక్షరాలన్నీ ముందు అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీసుకోవాలి. వంచిన గొట్టాల్ని మిల్లు దూదిలో చుట్టి, పసిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని విజయవాడ బస్సెక్కుతాడు. అక్కడ గొట్టంలో గాలి తీయించి గ్యాసు నింపిస్తాడు. నియాన్ నింపితే ఎరుపు. ఆర్గాన్ నింపి పాదరసం చుక్క వేస్తే నీలం.

"ఇంగ్లీషులో అయితే సగం పని అయ్యా" అన్నాడు మొదటి రోజే. "మన అక్షరానికి తలకట్టు వేరే, ఒత్తు వేరే. ముక్కకీ ముక్కకీ మధ్యన గొట్టాన్ని నల్లరంగేసి దాచాల. మీ పేరులోనే రెండు ఒత్తులున్నాయి."

"నా పేరు మోసేది నేను. నీకేంది బరువు?" అన్నాడు వెంకటప్పయ్య.

పేరుతో ఆగితే బాగుండేది. తన ముఖం కూడా కావాలన్నాడు. మీసం నీలంగా వెలగాలి. కుడి మీసం ఆరితే ఎడమ మీసం వెలగాలి. ఖలందర్ నాలుగడుగుల కాగితం మీద ఆ మీసాలు గీసి గోడకి అంటించాడు. వెంకటప్పయ్య భార్య సరస్వతమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చి చూసి, "ఇదేందయ్యా, రెండు తేళ్లు కొట్టుకుంటన్నాయి?" అంది. ముఖం ఆ రోజుతో పోయింది. దాని చోట నెమలి వచ్చింది.

"సరే. కానీ తిరగాల. పేటలో బోర్డులన్నీ నిలబడుంటాయి. నాది తిరగాల."

తిప్పడం ఖలందర్ సొంత తెలివి. అడుగున గేరు మోటారు పెట్టి నిమిషానికి ఆరు చుట్లు తిరిగేలా పళ్లచక్రాలు కోయించాడు. తిరిగేదానికి వైరు కడితే మెలిపడి తెగుతుంది. అందుకని ఇరుసుకి రెండు ఇత్తడి కడియాలు తొడిగి, వాటిని రాసుకుంటూ కరెంటు అందించే బొగ్గు ముక్కలు అమర్చాడు. పదిహేను వేల ఓల్టులిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ని డ్రమ్ము లోపలే దాచాడు, ఆ ఓల్టులు బయటి ఇనుముని తాకకుండా. ఫ్రేముకి పచ్చవైరుతో ఎర్త్ కట్టాడు. "ఏం జరిగినా ఈ పచ్చవైరు కాపాడుద్ది అయ్యా, దీన్ని ఎవరూ ముట్టకూడదు" అని రెండుసార్లు చెప్పాడు. వెంకటప్పయ్య రెండుసార్లూ అద్దంలో మీసం చూసుకుంటున్నాడు.

ఆయన చేసిన డిజైను ఒక్కటే. గాలికి ఊగకుండా ఫ్రేముని మెట్ల కమ్మీకి కలిపి వెల్డింగు చేయించాడు. ఖలందర్ వద్దన్నా వినలేదు.

నిన్న సాయంత్రం దీపాలవేళకి పరీక్ష పెట్టారు. బజారంతా రోడ్డు మీద నిలబడి చూసింది. ఎర్రటి అక్షరాలు ఒకటొకటే మూల తిరిగి వచ్చాయి. వాటి వెనక నీలం నెమలి వచ్చింది. పిచ్చయ్య కూడా నోరు తెరిచాడు. వెంకటప్పయ్య మాత్రం కిందకి రాలేదు. పేము కుర్చీ మేడ మీద వేయించుకుని, సరిగ్గా డ్రమ్ము కింద, తన పేరు వెలుగులో తాను కనపడేలా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. జనం బోర్డు చూశారు, ఆయన్నెవరూ చూడలేదు. పావుగంట తిప్పి, స్విచ్చి ఆపి, మగ్రిబ్ నమాజుకి వేళైందని ఖలందర్ మసీదుకి పోయాడు.

ఇదీ తెల్లవారే దాకా ఉన్న కథ. 

ఎస్సై ఏడున్నరకి వచ్చాడు. షోరూములో ఫ్యాను కింద కూర్చుని నిమ్మకాయ సోడా తాగాడు. విషయం వినడానికి ఒక సోడా, ఆలోచించడానికి ఇంకో సోడా పట్టింది.

"పెద్దాయన పదింటికి వస్తాడు" అన్నాడు చివరికి. "వచ్చీ రాగానే, ఎవణ్ణి పట్టుకున్నావయ్యా అంటాడు. నేను ఎవణ్ణో ఒకణ్ణి చూపించాల. సాయిబూ, నువ్వు జీపెక్కు."

కబురందుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఖలందర్ చేతిలో సంచి కింద పెట్టాడు. ఒక్కసారి కరెంటుతో మనిషిని చంపబోయాడన్న పేరొస్తే, నేరం తర్వాత కొట్టేసినా సరే, మాచర్ల నుంచి వినుకొండ దాకా ఏ కొట్టువాడూ అతన్ని స్విచ్చిబోర్డు ముట్టనివ్వడు. నలభై ఏళ్ల మనిషికి వేరే పని రాదు.

"ఎక్కుతానయ్యా. ఎక్కేముందు వైర్ల పెట్టె ఒకసారి తెరిచి చూస్తా. కానిస్టేబుల్ని తోడు పంపండి."

"ఆధారాలు చెరిపేస్తాడు!" అని ఎగిరాడు వెంకటప్పయ్య.

"నేను పోతా బావా" అన్నాడు ఆయన బావమరిది సాంబశివరావు. బి.కాం. చదివి షోరూములో గల్లా దగ్గర కూర్చునే మనిషి. బల్బు మాడితే కూడా ఎలక్ట్రీషియన్ కోసం కబురు పెట్టి, వాడొచ్చేదాకా చీకట్లో కూర్చుంటాడు.

ముగ్గురూ మెయిన్ కట్టేసిందని చూసుకుని మేడెక్కారు. పెట్టె మూతకున్న నాలుగు మరల్లో ఒకటి లేదు, రెండు వదులు. ఖలందర్ మూత తీశాడు. అతను కట్టింది మూడు వైర్లు. ఎర్రది కరెంటు తెచ్చేది, నల్లది తీసుకుపోయేది, పచ్చది ఎర్త్. ఇప్పుడు ఎర్రది ఉండాల్సిన చోట పచ్చది ఉంది. పచ్చది ఉండాల్సిన చోట ఎర్రది ఉంది. అంటే కాపాడాల్సిన తీగలోనే కరెంటు పారింది. ఫ్రేమంతా, ఫ్రేముకి వెల్డింగైన కమ్మీ అంతా.

ఆ ముడుల మీద నల్ల టేపు లేదు. సైకిల్ ట్యూబు కోసి తీసిన రబ్బరు పట్టీ ఉంది, గట్టిగా, మెలేసి.

ఖలందర్ కాసేపు ఆ రబ్బరు పట్టీ చూశాడు. చంపదలుచుకున్నవాడు ముడులకి రబ్బరు చుట్టడు. ఇది హత్య చేసిన చెయ్యి కాదు, ఏదో బాగుచేశాననుకున్న చెయ్యి. పల్నాడులో ఏ బోరు దగ్గరకి పోయినా ఈ పట్టీయే కనపడుతుంది. మోటారు ఎదురు తిరిగి నీళ్లు రాకపోతే రైతు చేసే పని కూడా ఇదే. మూడు వైర్లలో రెండు అటూ ఇటూ మారుస్తాడు, మోటారు దారికొస్తుంది. అయితే అక్కడ మూడూ కరెంటు వైర్లే. ఇక్కడ మూడోది ఎర్త్.

పంపుసెట్టు రైతు అయి ఉండాలి. మరి బోర్డు ఎదురు తిరుగుతుందని ఎవడనుకున్నాడు? ఎందుకనుకున్నాడు?

అది తేలకుండా పేరు చెప్పి లాభం లేదు. వెంకటప్పయ్య మాట ఒక పక్కన, సాయిబు మాట ఒక పక్కన పెడితే తక్కెడ ఎటు వంగుతుందో ఖలందర్‌కి తెలుసు. వైర్లు విప్పి సరిగ్గా కట్టాడు. రబ్బరు పట్టీలు జేబులో వేసుకుని కిందకి దిగాడు.

షోరూము నిండా జనం. పిచ్చయ్యని కూడా ఇంకో కానిస్టేబులు పిలుచుకొచ్చాడు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, తప్పు చేయనివాడి కోపంతో బుసకొడుతున్నాడు.

"పిచ్చయ్య గారూ, మీకు చేనుందా? బోరుందా?" అన్నాడు ఖలందర్.

"మా తాత కాడ్నించీ బజారే మాకు. పత్తి నేల కింద కాసిద్దంటే నమ్ముతా. ఎందుకయ్యా?"

"ఊరికే. ఎస్సై గారూ, వైర్లు ఎవరో తారుమారు చేశారు. సరిచేశా. కమ్మీలో ఇప్పుడు కరెంటు రాదు, నేనే పట్టుకుని చూపిస్తా. పదింటికి బోర్డు తిరుగుద్ది. ఎవరు చేశారన్నది అల్లా చూసుకుంటాడు."

ఎస్సైకి ఆ మాట నచ్చింది. అల్లా చూసుకుంటే ఆయనకి ఒక కేసు తగ్గుతుంది. వెంకటప్పయ్యకి ఇంకా బాగా నచ్చింది. అంతసేపటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు. ఊపిరితో పాటు నోరు కూడా వదిలాడు.

"తిప్పు గానీ సాయిబూ, ఈసారన్నా సవ్యంగా తిప్పు. మళ్లీ నిన్నట్లా అప్రదక్షిణం తిప్పావంటే మర్యాద దక్కదు, చెప్తన్నా!"

ఖలందర్ జేబులో రబ్బరు పట్టీలు గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్న అప్రదక్షిణం తిరిగిందా అయ్యా?"

"తిరగలా మరి? కళ్లారా చూశా!"

"పిచ్చయ్య గారూ, మీరు రోడ్డు మీంచి చూశారు గదా. ఎటు తిరిగింది?"

"ఎటేంది? గుడి చుట్టూ మనం తిరిగినట్టే తిరిగింది" అన్నాడు పిచ్చయ్య. "పేరు మొదలు ముందొచ్చింది, చివర తర్వాతొచ్చింది. ఎదురు తిరిగితే తోక ముందొచ్చేది. ఎట్టా చదివేవాళ్లం? చానా బాగుంది కూడా. ఆ మాట చెప్పడం నాకిష్టంల్యా, అయినా చెప్తన్నా."

"అవును, ప్రదక్షిణమే" అన్నారు నలుగురైదుగురు. "ప్రదక్షిణమే బావా" అన్నాడు సాంబశివరావు కూడా. బావ ముఖం చూశాక మింగేయాలనుకున్నాడు గానీ, మాట అప్పటికే బయటపడింది.

"అంతా రోడ్డు మీద నిలబడి చూశారు" అన్నాడు ఖలందర్. "డ్రమ్ము కింద కుర్చీ వేసుకుని, తల పైకెత్తి చూసింది మీరొక్కరే. అయ్యా, ఇప్పుడు కూడా ఒకసారి తల ఎత్తండి. మీ ఫ్యాను చూడండి."

వెంకటప్పయ్య తల ఎత్తాడు. ఎస్సై ఎత్తాడు. షోరూములో ఉన్న ప్రతివాడూ ఎత్తాడు. నెత్తిమీద ఫ్యాను కుడి నుంచి ఎడమకి, గడియారం ముల్లుకి ఎదురుగా, నింపాదిగా తిరుగుతోంది.

"అప్రదక్షిణమే!" అన్నాడు ఎస్సై, సోడా కింద పెట్టి.

"కింద కూర్చుని చూస్తే అంతేనయ్యా. మేడెక్కి పై నుంచి చూస్తే అదే ప్రదక్షిణం. పైనుండే దేవుడికి సవ్యంగానే కనపడుద్ది. నా బోర్డు అంతే, మీ ఫ్యాను అంతే."

అంజమ్మ మోచెయ్యి వదిలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే పెద్దయ్యా, నాలుగేళ్ల నుంచీ అప్రదక్షిణం కిందే కూచున్నావా?"

షోరూమంతా నవ్వింది. చీరలు మడతపెట్టే గుమాస్తాలు బీరువాల వెనక్కి పోయి నవ్వారు. పిచ్చయ్య ఏ దాపరికం లేకుండా, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

ఖలందర్ జేబులోంచి రబ్బరు పట్టీలు తీసి ఎస్సై ముందు బల్ల మీద పెట్టాడు. "ఎర్రవైరు, పచ్చవైరు మార్చి ఇవి చుట్టారు. పంపుసెట్టు మోటారు ఎదురు తిరిగితే మార్చినట్టు. పిచ్చయ్య గారికి బోరు లేదు. సాంబశివరావు గారు బల్బే ముట్టరు. నాకు ట్యూబు పట్టీ అవసరం లేదు, నా సంచిలో టేపుంది. బోర్డు ఎదురు తిరుగుతుందని అనుకున్నది ఈ ఊళ్లో ఒక్క మనిషే. ఆ మాట ఇప్పుడు ఆయనే చెప్పాడు."

ఎస్సై మెల్లగా కుర్చీ వెంకటప్పయ్య వైపు తిప్పుకున్నాడు. జనం నవ్వు ఆపారు. వెంకటప్పయ్య మీసం మీద చెమట నిలిచింది. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి తెరిచాక ఇక మూయలేదు.

"అవున్రా, నేనే! అయితే ఏంది? బోర్డు నాది, వైర్లు నాయి. కుర్చీలో కూచుని పైకి చూస్తే నా పేరు అప్రదక్షిణం తిరగతంది. అపశకునం గాదూ? పొద్దున పెద్దాయన వస్తన్నాడు, ముందర ఎన్నికలు. ఎవడికి చెప్పుకోను? సాంబడికి చెప్తే కాఫీ తాగేలోపల ఈపూరు దాకా పాకిద్ది. సాయిబుని పిలిచి ప్రదక్షిణం సంగతి అడగనా? డిజైను నాదని బజారంతా చెప్పుకున్నోణ్ణి! వాడు నమాజుకి పోయాడు. ఇదెంత పని అనుకున్నా. నా బోరు మోటారు ఇరవైసార్లు ఎదురు తిరిగింది, ఇరవైసార్లూ రెండు వైర్లు మార్చా, నీళ్లు దూకినై. పెట్టె తెరిస్తే ఇక్కడా మూడే వైర్లు. ఎర్రదీ పచ్చదీ మార్చా. కింద సైకిలు రిపేరోడి దగ్గర ట్యూబు ముక్క తెచ్చి, షాకు కొట్టకూడదనే గదా, జాగ్రత్తగా చుట్టా! స్విచ్చి వేస్తే తిరగలా. కరెంటు పోయిందనుకున్నా, ఆ వేళకి రోజూ పోద్ది గదా. చేలో ఎట్టా వదిలేస్తామో అట్టానే వేసి వదిలేశా. కరెంటు వచ్చినప్పుడు అదే తిరుగుద్దిలే అని. పొద్దున అంజి అరిచినప్పుడు, కమ్మీ అన్న మాట చెవిన పడగానే తెలిసింది నాకు. అప్పుడే చెప్పొచ్చు. చెప్పి ఏం గావాల? ఎస్సై గారూ, మీరే చెప్పండి. నన్ను చంపబోయారంటే ఓట్లు పడతాయి. పచ్చవైరు తెలియనోడికి ఎవడేస్తాడండీ ఓటు? సాయిబు నాలుగు రోజులు లోపలుండి వస్తాడు, అయినా వాడికి పోయేదేముంది అనుకున్నా. అంతే. నవ్వండ్రా, నవ్వండి. ఒరేయ్ సాంబా, పళ్లు దాచుకుని ముందు ఆ ఫ్యాను ఆపరా!"